రోవర్స్ కప్పు దండుకు వచ్చిన ఏడు

1937లో బొంబాయి రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ ఫైనల్లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు 1-0తో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగును ఓడించింది. ఆ పోటీ మొదలై అప్పటికి 46 ఏళ్లు. అన్నేళ్లూ కప్పు తెల్ల పటాలాల చేతుల్లోనే తిరిగింది. సైన్యానికి చెందని మన దేశపు జట్టొకటి దాన్ని గెలవడం అదే మొదలు. గెలిచింది కలకత్తా కాదు, బొంబాయీ కాదు, మా బెంగళూరు దండు, అంటే కంటోన్మెంటు.

నాది గౌరిబిదనూరు తాలూకా హొసూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా ఊరి పేరు చెప్తే చదువుకున్నవాళ్లకు ముందు గుర్తొచ్చేది హెచ్. నరసింహయ్య గారు. 1935లో రైలు ఛార్జీకి డబ్బుల్లేక ఇక్కడినుంచి బెంగళూరుకు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు నడిచిపోయి, నేషనల్ హైస్కూల్లో చేరిన మనిషి. తరవాత బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన బసవనగుడిలో చదువుకుంటున్న రోజుల్లోనే, నగరానికి ఆ కొసన, నేను చెప్పబోయే జట్టు చెండు తన్నుతా ఉండింది. నేనూ బడి పంతులునే, కాకపోతే డ్రిల్ మాస్టర్ని. మా పిల్లలకు చిల్లాకట్టె, చెడుగుడు నేర్పించే పని నాకు లేకపోయింది, అవి వాళ్లకు పుట్టుకతోనే వచ్చు. ఫుట్‌బాల్ నేర్పాల్సి వచ్చింది. నేర్పుతూ నేర్పుతూ, ఇది మా పక్కకు ఎట్లా వచ్చిందని వెతకడం మొదలుపెట్టాను.

బెంగళూరంటే అప్పట్లో రెండూళ్లు, పేట ఒకటి, దండు ఒకటి. పేట మైసూరు మహారాజు పాలనలోది. దండులో 1809లో ఇంగ్లీషు సైన్యం దిగింది. ఆ సైన్యాన్ని సాకడానికి వంటవాళ్లు, చాకళ్లు, గుర్రాల సైసులు, తాపీ పనివాళ్లు, కసాయివాళ్లు, దర్జీలు వచ్చి చుట్టూ గుడిసెలేసుకున్నారు. అరవం, తెలుగు, ఉర్దూ కలగలిసిన వీధులవి. హిందూపురం లైను పడ్డాక మా తాలూకా వాళ్లూ రైలెక్కి అక్కడికి కూలికి పోవడం మామూలైంది. 1947 జులై దాకా ఆ దండు తిరిగి మైసూరు చేతికి రాలేదు. సాయంత్రమైతే సోల్జర్లు పరేడు మైదానంలో చెండు ఆడేవాళ్లు. గోలు వెనక నిలబడి, అవతలికి పోయిన చెండును తెచ్చిచ్చే పిల్లలు ఈ వీధుల పిల్లలే.

రోవర్స్ కప్పు మొదలైన 1891లోనే, సముద్రాలకవతల అర్జెంటీనాలో బ్యూనస్ ఐరెస్ నగరంలో ఆ దేశపు మొదటి ఫుట్‌బాల్ లీగు జరిగింది. అక్కడ ఆడినవాళ్లు సోల్జర్లు కారు, రైల్వేల్లోనూ కంపెనీల్లోనూ కొలువు చేసే ఇంగ్లీషువాళ్లు, స్కాటులు. ఆ మొదటి లీగులో సెయింట్ ఆండ్రూస్, ఓల్డ్ కలెడోనియన్స్ సమంగా నిలిస్తే మరో ఆట పెట్టి తేల్చుకున్నారు. అయితే ఆ దేశంలో ఆట పాదుకున్నది లీగు వల్ల కాదు, ఒక బడి పంతులు వల్ల. అలెగ్జాండర్ వాట్సన్ హటన్ అనే స్కాట్లండు ఉపాధ్యాయుడు 1882లో అక్కడికి పోయి, రెండేళ్లకు సొంతంగా ఇంగ్లీష్ హైస్కూలు పెట్టి, పిల్లలకు పాఠంతో పాటు చెండూ ఇచ్చాడు. 1893లో లీగును మళ్లీ నిలబెట్టిందీ ఆయనే. ఆయన బడిలో చదివిన పిల్లలే పెద్దయి అలుమ్ని అన్న జట్టు కట్టి, 1900 నుంచి 1911 లోపల పదిసార్లు ఛాంపియన్లయ్యారు. 1913లో రేసింగ్ క్లబ్బు గెలిచాక పెత్తనం అక్కడి గడ్డమీద పుట్టిన పిల్లల చేతికి వచ్చింది. ఆ కథ చదివినప్పుడల్లా ఒక పంతులుగా నాకు గర్వమేస్తుంది.

మా జిల్లాకూ ఇట్లాంటి చుట్టరికం ఒకటుంది. చిక్కబళ్లాపురం 2007లో విడిపోయేదాకా మేమంతా కోలారు జిల్లావాళ్లమే. 1880 నుంచి కోలారు బంగారు గనులను నడిపిన జాన్ టేలర్ కంపెనీ, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్లను రప్పించింది. అదే కార్న్‌వాల్ గనివాళ్లు మెక్సికోలో పచూకా అనే వెండిగనుల ఊరికి పోయి అక్కడ ఫుట్‌బాల్ నాటారు. ఎక్కడ గని తవ్వినా, ఎక్కడ పట్టాలు పరిచినా, ఎక్కడ పటాలం దిగినా, సాయంత్రం చెండు బయటికొచ్చింది. రైల్వే గుమాస్తాల నుంచి అర్జెంటీనావాళ్లు నేర్చుకున్నదాన్ని మావాళ్లు తుపాకులున్న సోల్జర్ల దగ్గర నేర్చుకున్నారు.

ఇక 1937. ఆ ఏడే సిమ్లాలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పుట్టింది. అప్పటికి మహమ్మడన్ స్పోర్టింగ్‌ను కొట్టే జట్టు దేశంలో లేదనే పేరు. 1934 నుంచి వరసగా కలకత్తా లీగు వాళ్లదే, 1936లో ఐఎఫ్ఏ షీల్డు పోటీలోనూ వాళ్లదే గెలుపు. దేశం నలుమూలల నుంచి మంచి ఆటగాళ్లను ఏరి తెచ్చుకున్నారు. వానాకాలపు బురదలో బూట్లేసుకుని ఆడడం అలవాటు చేసుకున్నారు. అట్లాంటి జట్టు మీద ఒక్క గోలు వేసి, దాన్ని చివరిదాకా కాపాడుకోవడమంటే చిన్న పని కాదు. ఒక్క గోలు ఆధిక్యంతో ఆడే చివరి పావుగంట ఎంత పొడుగుంటుందో, మైదానం పక్కన విజిల్ పట్టుకుని నిలబడినవాళ్లకు తెలుసు. బెంగళూరువాళ్లు కాపాడుకున్నారు.

మరుసటి ఏడు, 1938, నా మనసులో రెండు సంగతులతో ముడిపడి ఉంది. ఆ ఏప్రిల్ 25న మా గౌరిబిదనూరు పక్కన విదురాశ్వత్థంలో జెండా ఎత్తడానికి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడి రావిచెట్టు కింద నెత్తురు పారింది. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆ రోజును గురించి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అదే ఏడు రోవర్స్ ఫైనల్లో బెంగళూరు ముస్లిమ్స్ ఎదురుగా నిలిచింది ఆర్గైల్ అండ్ సదర్లండ్ హైలాండర్స్ అనే పేరుమోసిన స్కాటిష్ పటాలం. 3-2తో మనవాళ్లే గెలిచారు, వరసగా రెండోసారి. ఒకటి ప్రాణాల సంగతి, ఒకటి ఆట. రెంటినీ ఒకే తక్కెట్లో పెట్టను. కానీ అప్పటి కుర్రవాళ్లు రెండు వార్తలూ ఒకే ఏడు విన్నారు. పటాలం ఓడిపోతుందని, ఓడించవచ్చని, రెండోది వాళ్లకు చెప్పింది.

1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని ఓడించి షీల్డు గెలిచిన సంగతి దేశమంతా తెలుసు. పాఠాల్లో ఉంది, సినిమాల్లో ఉంది. 1937 మాత్రం ఎక్కడా లేదు. ఇది నాకు బాధ. దండు వీధులకు తమ కథ రాసుకునే పత్రికలు లేవు, కలకత్తాకు ఉన్నాయి. అంతకు మించి కారణం నాకు కనబడదు.

మా మేనమామ బిన్నీ మిల్లులో పనిచేసేవాడు. షిఫ్టు లేని సాయంత్రాలు చెండాట చూడ్డానికి దండుకు పోయేవాడు. పండక్కి ఊరికొచ్చినప్పుడు వసారాలో నిలబడి, పంచె ఎగ్గట్టి, కుడికాలి మడమ నేలకానించి, వేళ్లు పైకి లేపి, వచ్చే చెండును అరికాలి కింద ఎట్లా అణచేవాళ్లో చూపించేవాడు. ఆ కాలపు మన ఆటగాళ్లలో ఎక్కువమందివి ఉత్త కాళ్లే. చీలమండ చుట్టూ గుడ్డపట్టీ బిగించి చుట్టుకుని, పైన ఆంక్లెట్ వేసుకునేవాళ్లు. వేళ్లు, అరికాలు మాత్రం బయటే. గట్టిగా కొట్టాలంటే వేళ్లను కిందికి ముడిచి పాదం పైభాగంతో కొట్టాలి, బొటనవేలు తగిలిందా, గోరు ఊడిందే. “బూటేసుకున్న కాలికి చెవుడురా అల్లుడా. ఉత్త కాలైతే చెండు చెప్పేది ఇంటుంది,” అనేవాడు. నేను ఆ మాట నా పిల్లలకు చెప్పలేదు. చెప్తే బూట్లు విప్పేస్తారని భయం.

ఆ చెండు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలు దాన్ని చూడలేదు. నా ఉద్యోగం మొదట్లో బడి బీరువాలో ఇంకా ఒకటుండేది. తోలు పట్టీలు కలిపి కుట్టిన చెండు, లోపల రబ్బరు బ్లాడరు. సైకిలు పంపుతో గాలి కొట్టి, బ్లాడరు మూతిని మడిచి, దారంతో గట్టిగా చుట్టి, తోలు లోపలికి నెట్టి, నోటిని తోలునాడాతో బిగించాలి. నాడా ముడి పైకి లేచి ఉంటే తలతో కొట్టినవాడి నుదురు చిట్లుతుంది. వాన పడితే తోలు నీళ్లు పీల్చి రాయంత బరువెక్కుతుంది. కుట్లు ఎండి పగలకుండా కొవ్వు రాయాలి. అట్లాంటి చెండును, తడిసిన మైదానంలో, ఉత్త కాలితో, ఇనుప మేకుల బూట్లేసుకున్న సోల్జరు ఎదురొస్తుండగా ఆడారు. మావాళ్లు చెండును తమ దగ్గర ఎక్కువసేపు ఉంచుకోకుండా గబగబా పక్కవాడికి అందించడం నేర్చుకున్నారంటే అందులో కళ ఎంతుందో, ప్రాణభయమూ అంతుంది.

వీళ్లంతా అమెచ్యూర్లు, అంటే ఆటకు జీతం పుచ్చుకోనివాళ్లు. ఇంగ్లండులో ఆ నియమాన్ని మొదట పట్టుకున్నది తిండికి వెతుక్కోనక్కర్లేని దొరలు. అర్జెంటీనాలోనూ ఆ నియమం కాగితం మీద చాలాకాలం ఉంది. ఆటగాళ్లకు చాటున డబ్బిచ్చి, 1931లో గానీ బహిరంగంగా వృత్తి ఆటను ఒప్పుకోలేదు. మన దగ్గర అది ఇంకో దారి పట్టింది. ఇక్కడ ఆడినవాళ్లు దొరలు కారు. ఆటకు జీతం లేదు కాబట్టి ఆటగాడికి జీతమున్న పని దొరకాలి. పని దొరికినచోటే ఆట బతికింది. నేను ఇన్నేళ్లుగా చదివీ వినీ తేల్చుకున్నది ఇదే. మన ఫుట్‌బాల్ చరిత్రను కప్పుల జాబితా నుంచి రాస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం పోలీసు లైన్లలో, మిల్లు హాజరు పట్టీల్లో, ఫ్యాక్టరీ సర్వీసు రిజిస్టర్లలో ఉంది.

దీనికి హైదరాబాదును మించిన సాక్ష్యం లేదు. అక్కడ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్లకు కొలువు ఇచ్చింది. యూనిఫాం, లైన్లలో ఇల్లు, నెల తిరిగేసరికి జీతం. ఆ జట్టును తీర్చిదిద్దిందీ ఒక పంతులే, సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి, బళ్లలో పాఠాలు చెప్తూ, హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేస్తూ, 1950 నుంచి పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. కుర్రవాళ్ల కోసం డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో పోటీలు పెట్టాడు. చేతకాని కాలితోనే కొట్టాలన్న పోటీలూ పెట్టాడు. బడి పంతులు బుర్రకే తట్టే ఉపాయాలవి. ఎడమచేత్తో రాయలేని పిల్లాడికి ఎడమచేతికే బలపమిచ్చినట్టు. 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్పు ఐదేళ్లూ ఆ జట్టుదే. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌తో మొదటి ఆట 2-2గా ఆగితే, మళ్లీ ఆడి 1-0తో గెలిచారు. రహీం సాబు 1951లోనూ 1962లోనూ దేశానికి ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిపెట్టి, 1963 జూన్‌లో కన్ను మూశాడు. వాట్సన్ హటన్ పేరు పక్కన ఆ పేరు రాయడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

బెంగళూరులో ఆ కొలువు పని మిల్లులు, ఫ్యాక్టరీలు చేశాయి. 1940లో పుట్టిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ జట్టు 1954లో డ్యూరాండ్ ఫైనల్ దాకా పోయింది. ఎదుట నిలిచింది హైదరాబాదు పోలీసులే, 1-0తో ఓడిపోయింది. ఢిల్లీలో జరిగిన ఆ ఫైనల్లో ఒక పక్క విమానాల ఫ్యాక్టరీ పనివాళ్లు, ఇంకో పక్క పోలీసులు. దక్కను పీఠభూమి ఆట మొత్తం ఆ ఒక్క మ్యాచిలో కనబడుతుంది.

కొలువు ఇక్కడ దొరకనివాళ్లు, ఇంకా పెద్ద ఆట కావాలనుకున్నవాళ్లు కలకత్తా రైలెక్కారు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు దక్షిణాది ఆటగాళ్లను ముప్ఫైల నుంచే పిలిపించుకుంటా ఉండింది. 1949 నుంచి ఆ క్లబ్బు ముందు వరసలో ఆడిన ఐదుగురికి బెంగాలీలు పంచపాండవులని పేరు పెట్టారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాదివాళ్లే. ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్ మా బెంగళూరువాళ్లు. అప్పారావు కాకినాడ తెలుగువాడు. గోదావరి మాట మాట్లాడే మనిషి పేరు కలకత్తా మైదానంలో వేలమంది నోళ్లలో నలిగింది. 1949లో లీగు, షీల్డు, రోవర్స్ మూడూ వాళ్లవే. తెలుగు దేశంలో అప్పారావు పేరు ఎంతమందికి తెలుసు? కాకినాడలో ఆయన పేర మైదానం ఒకటి ఉండాలని నా కోరిక.

1937 గెలుపు చెట్టయితే, దానికి కాసిన కాయ 1948 లండన్ ఒలింపిక్స్. అంతకు ముందు 1946-47లో బెంగళూరులో జరిగిన, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్లో మైసూరు జట్టు బెంగాలుతో మొదట 0-0గా నిలిచి, మళ్లీ ఆడి 2-1తో గెలిచింది. మా మామ ఎన్నిసార్లు చెప్పినా తనివితీరని ఆట అది. ఆ ఊపులో మైసూరు నుంచి రామన్, వజ్రవేలు, బషీర్, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్ ఒలింపిక్ జట్టులోకి పోయారు. ఫ్రాన్సుతో ఆడిన పదకొండుమందిలో ఎనిమిదిమంది ఉత్త కాళ్లతోనే దిగారు. ఒలింపిక్స్‌లో భారతదేశపు మొట్టమొదటి గోలు వేసింది మైసూరు రామన్. రెండు పెనాల్టీలు వృథా కాకపోతే ఆట మనదే. 1-2తో ఓడిపోయాం. ఆ ఏడే బెంగళూరు ముస్లిమ్స్ మూడోసారి రోవర్స్ గెలిచారు.

1952లో హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాక ఉత్త కాళ్ల ఆట ముగిసింది. సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఆ రోజు మన ఒక్క గోలు వేసింది అహ్మద్ ఖానే. చల్లటి తడినేల మీద ఉత్త కాళ్లతో యూరపు జట్టును ఎదుర్కోవడం ఇక సాగదు, ఆ నిర్ణయం సరైనదే అంటాను. కానీ బూట్లు కొనుక్కోలేని వీధి పిల్లవాడికి ఆ రోజునుంచి మైదానం ఒక మెట్టు ఎత్తయింది. బడికి వచ్చే పిల్లల కాళ్లు చూసినవాణ్ణి, నాకు తెలుసు.

ఆపైన మైసూరు 1952లో, 1967లో, 1968లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. తరవాత 54 ఏళ్లు ఎదురుచూసి, 2023 మార్చిలో రియాద్‌లో మేఘాలయను 3-2తో ఓడించి కర్ణాటక దాన్ని మళ్లీ తెచ్చుకుంది. ఈ మధ్యలో మిల్లులు మూతపడ్డాయి, ఫ్యాక్టరీల్లో ఆటగాళ్లకిచ్చే కొలువులు సన్నగిల్లాయి. అందుకే 54 ఏళ్లు పట్టిందని నేనంటాను. ఒప్పుకోనివాళ్లు ఉండవచ్చు, నేను వాదించడానికి సిద్ధం.

అహ్మద్ ఖాన్ 2017లో బెంగళూరులోనే పోయారు. ఆ తరం ఆటగాళ్ల కొడుకులు, మనవలు దండు వీధుల్లో ఇంకా ఉన్నారు. చరిత్ర చదివే కుర్రవాళ్లు ఎవరైనా ఇప్పుడే పోయి వాళ్ల గడప తొక్కాలి. కప్పు ఎన్నిసార్లు గెలిచారని అడగనక్కర్లేదు, అది రాసే ఉంది. పగలు ఏం పని చేసేవాళ్లు, నెలకెంత వచ్చేది, బొంబాయి ఆటకు సెలవు ఎవరిచ్చారు, సెలవు రోజుల కూలి కోశారా, రైలు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, కాలు విరిగిన నెల ఇల్లు ఎట్లా గడిచింది, ఇవి అడిగి రాసుకోవాలి.